ఈ-టైపా, ఇంటర్‌సెప్టరా? ముందు కారు కింద చూడండి

ప్రశ్న: నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న తెలుగు డాక్టర్‌ని. ఐసాలో (ఇక్కడి పన్ను పడని పొదుపు ఖాతా) 70 వేల పౌండ్లు ఉన్నాయి, ఇంటి అప్పు ఇంకా పన్నెండేళ్లు కట్టాలి. జాగ్వార్ ఈ-టైప్ 2+2 (వెనక రెండు చిన్న సీట్లు కూడా ఉన్న రకం), జెన్సెన్ ఇంటర్‌సెప్టర్, ఈ రెండు పాతకాలపు కార్లలో పెట్టుబడిగా ఏది నయం?

జవాబు: డాక్టరు గారూ, రేపు అమ్మాలంటే తిప్పలు పడకూడదనుకుంటే ఈ-టైపే. కానీ 70 వేలూ దానిమీద పోయకండి. అద్దె రాదు, డివిడెండ్ రాదు, పైగా ఏటా తింటుంది. దీన్ని పెట్టుబడి అనడానికే నాకు మనసొప్పదు, ఖరీదైన సరదా అనండి, అప్పుడు లెక్క సరిగ్గా వస్తుంది.

ఈ-టైపులు 1961 నుంచి 1974 దాకా 72 వేలకు పైగా తయారయ్యాయి. ఇన్ని ఉంటే విలువేముంటుంది అంటారు గానీ, మీకు కలిసొచ్చేది అదే: విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతున్నారు, పని తెలిసిన మెకానిక్కులున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. 1966లో వచ్చిన 2+2 కాస్త పొడుగు, కప్పు కాస్త ఎత్తు, అందుకని రెండు సీట్ల మోడల్ అభిమానులు దాన్ని చూసి మూతి విరుస్తారు. విరవనివ్వండి, ధర తక్కువుండేది అందుకే.

ఇంటర్‌సెప్టర్ మీ పక్కనే వెస్ట్ బ్రామిచ్‌లో 1966 నుంచి 1976 దాకా, 6,400 దాకా తయారైంది. డిజైన్ ఇటలీది, ఇంజిన్ అమెరికాది: క్రైస్లర్ వీ8, మొదట 6.3 లీటర్లు, తర్వాత 7.2. ఇంజిన్‌తో పెద్దగా టెన్షన్ లేదు (పెట్రోల్ బంకు వాడు మాత్రం మిమ్మల్ని పేరుపెట్టి పిలుస్తాడు), అసలు గొడవంతా బాడీతోనే. సిల్స్‌లో (తలుపుల కింద ఉండే బాడీ పట్టీలు), చక్రాల చుట్టూ తుప్పు లోపల్నుంచి తినేస్తుంది, వెల్డింగూ పెయింటూ కలిపి చేయిస్తే బిల్లు కారు ధరనే దాటిపోగలదు.

పన్ను సంగతి. బ్రిటన్‌లో సొంత కారు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, అయితే నష్టమొస్తే ఆ నష్టాన్నీ చూపించుకోలేరు. వారసత్వ పన్ను లెక్కలోకి మాత్రం వస్తుంది. నలభై ఏళ్లు దాటిన కారుని హిస్టారిక్‌గా నమోదు చేయిస్తే రోడ్డు పన్ను ఉండదు, పెద్ద మార్పులు చేయకపోతే ఎంఓటీ (బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటా చూసే) పరీక్షా తప్పనిసరి కాదు, కాబట్టి పైన మెరుస్తూ అడుగున చిల్లులు పడ్డ బండ్లు కూడా అమ్మకానికొస్తాయి. ఎంఓటీ అక్కర్లేకపోయినా అడిగి చేయించండి.

ఐసా ఫ్లెక్సిబుల్ రకం కాకపోతే తీసిన డబ్బు తిరిగి వేయడానికి ఏడాదికి 20 వేల పరిమితే, అంటే 70 వేలు తీస్తే నాలుగేళ్ల పని. అందుకని కారుకి 45 వేలు, రిపేర్లకి 10 వేలు, మిగతాది ముట్టుకోకండి. ఆ ధరకి గట్టి బాడీ ఉన్న 2+2 దొరక్కపోతే ఆగండి, నాసిరకం కొనకండి. డబ్బు కట్టేముందు ఈ మోడల్ తెలిసిన స్వతంత్ర ఇన్‌స్పెక్టర్‌తో ర్యాంపు మీద చూపించండి, ఇంజిన్ నంబరు జాగ్వార్ హెరిటేజ్ సర్టిఫికెట్‌తో (ఫ్యాక్టరీ రికార్డుల ప్రకారం ఇచ్చే పత్రం) సరిపోల్చండి, బీమా ముందే ఒప్పుకున్న విలువకి తీసుకోండి.