ఉల్క రిపోర్టులో "ఎత్తు" దగ్గర ఏం రాయాలి

నాలుగు సెకన్లు మెరిసి ఆరిపోయిన ఉల్కను చూశానని, ఐఎంఓ (అంతర్జాతీయ ఉల్కల సంస్థ) రిపోర్టు ఫారంలో "ఎత్తు" దగ్గర ఏం రాయాలో తెలియలేదని అడిగారు. మీరు ఆగిపోయింది అక్కడ కిలోమీటర్లు రాయాలనుకోవడం వల్లే. వాళ్లు అడిగేది కోణం, డిగ్రీల్లో. ఆకాశంలో దూరం కంటికి అందదు. పలు ఊళ్లవాళ్ల కోణాలు కలిపితేనే తేలుతుంది.

1. చూసిన చోటికే మళ్లీ వెళ్లి నిలబడండి. చాలామంది వదిలేసేది ఇదే. ఇంట్లో కూర్చుని గుర్తుచేసుకుంటే దిక్కు బాగా తప్పుతుంది. ఏ చెట్టు పక్కన మొదలైంది, ఏ మేడ మీద ఆరిపోయింది, రెండూ గుర్తించండి.

2. రెండింటికీ ఫోన్ కంపాస్‌తో దిక్కు చూడండి. బండి, ఇనుప గేటు దగ్గర వద్దు, రీడింగ్ తప్పుతుంది.

3. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించండి. అది సుమారు 10 డిగ్రీలు. కళ్ల ఎత్తు నుంచి ఉల్క కనిపించిన చోటు దాకా పిడికిళ్లు ఒకదానిపై ఒకటి పేర్చుతూ లెక్కపెట్టండి. నాలుగైతే 40.

4. రెండు నిమిషాల తర్వాత ఉరిమినట్టు వినిపించిందన్నారు, అది తప్పక రాయండి, చాలా విలువైన వివరం. ధ్వని మూడు సెకన్లకు దాదాపు కిలోమీటరు పోతుంది; అంటే శబ్దం పుట్టిన చోటు సుమారు 40 కి.మీ. దూరం.

నాలుగు సెకన్లలోనే ఆరిపోయింది కాబట్టి శాటిలైట్ ముక్క అయ్యుండదు, అవి నెమ్మదిగా, చాలాసేపు సాగుతాయి.

వీధి సీసీ కెమెరా ఫుటేజీ ఈరోజే కాపీ చేయించండి, కొత్త రికార్డింగ్ పడి పాతది చెరిగిపోతుంది. కెమెరా గడియారానికీ ఫోన్ టైముకీ తేడా ఎంతో కూడా రాయండి.