ఈదా ఆల్బెర్గ్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. ఫిన్లాండ్ రంగస్థలం గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకెంతో సంతోషం. అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నీ వ్యాసంలో ఈదా ఆల్బెర్గ్ ఎక్కడా కనబడలేదు. ‘మహానటి’, ‘అసమాన ప్రతిభ’, ‘ప్రేక్షకులను మంత్రముగ్ధుల్ని చేసింది’ లాంటి మాటలే కనబడ్డాయి. ఇవి ఏ నటి పేరు పక్కన పెట్టినా ఇమిడిపోతాయి. ‘ఫిన్లాండ్ సావిత్రి’ అన్న శీర్షిక కూడా తీసెయ్యి. ఆ పోలికతో పాఠకుడికి సావిత్రి గుర్తొస్తుంది, ఈదా మరుగున పడిపోతుంది.

నీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది. సినిమా నటి అయితే సినిమా పెట్టుకుని చూసి రాయొచ్చు. ఈదా స్టేజీ నటి, 1915 జనవరిలోనే కన్నుమూసింది. ఆమె నటన ఈరోజు మనం చూడలేం. ఉన్నవల్లా ఫొటోలు, ఉత్తరాలు, ఆనాటి పత్రికల్లో రాసిన మాటలు. అలాంటప్పుడు ‘ఎంత బాగా నటించిందో’ అని రాయబోతే పొగడ్త తప్ప ఇంకేం చేతికి రాదు. ఆమె ఉండటం వల్ల చుట్టుపక్కల ఎవరేం చేశారు, ఏ పని సాధ్యమైంది అన్నది రాయి. అది దొరుకుతుంది, దాన్ని రుజువు చెయ్యొచ్చు కూడా.

ముందు భాష సంగతి తేల్చు. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అప్పటికి ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. ఆఫీసుల్లో, కాలేజీల్లో, పెద్దింటివాళ్ళ నోట స్వీడిష్. పొలాల్లో, వంటిళ్ళలో ఫిన్నిష్. ఫిన్నిష్‌కి స్వీడిష్‌తో సమాన హోదా ఇస్తామంటూ 1863లో ఆజ్ఞ వచ్చింది, దానికీ ఇరవై ఏళ్ళ గడువు పెట్టారు. 1869 మే 10న హెల్సింకిలో అలెక్సిస్ కివి రాసిన ‘లేయా’ ఆడారు. ఫిన్నిష్ నాటకరంగం ఆరోజు పుట్టిందని అంటారు. అందులో ముఖ్య పాత్ర వేసింది షార్లొట్ రా అనే స్వీడన్ నటి! ఆ పాత్ర కోసం పాపం ఆవిడ ఫిన్నిష్ నేర్చుకుంది. సొంత భాషలో మొదటి నాటకానికి పొరుగు దేశపు నటిని తెచ్చుకోవాల్సిన పరిస్థితి. ఈ ఒక్క సంగతి పాఠకుడికి అందితే చాలు, ఈదా ఎందుకు ముఖ్యమో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

1872 అక్టోబరులో పోరి అనే ఊళ్ళో, ఒక హోటల్లో, కార్లో బెర్గ్‌బూమ్ ఫిన్నిష్ థియేటర్ మొదలుపెట్టాడు. సొంత భవనం లేదు, ఊరూరా తిరిగే నాటక సమాజం అది. ఆయన అక్క ఎమిలీ లెక్కాడొక్కా చూసేది, దుస్తులు కుట్టించేది, ఉత్తరాలు రాసేది. నీ ఉత్తరంలో దర్శకురాళ్ళ గురించి అడిగావు కదా, ఈ ఎమిలీని పట్టుకో. పోస్టరు మీద పేరు పడకపోయినా ఆ థియేటర్ బతికింది ఆమె చేతుల మీదే. సినిమా దర్శకత్వం మాట వేరు, అక్కడికి ఒక ఫిన్లాండ్ స్త్రీ చేరడానికి 1936 దాకా పట్టింది. ఆమె గ్లోరీ లెప్పానెన్, రంగస్థల నటి, ప్రఖ్యాత ఒపెరా గాయని ఐనో ఆక్తే కూతురు. ఆమె మీద ఇంకో వ్యాసం రాయి, ఇందులో ఇరికించొద్దు.

ఈదా పుట్టింది 1857లో, యానక్కాలలో. నాన్న రైల్వే లైను మీద మేస్త్రీ. ఆ దేశపు మొట్టమొదటి రైలుమార్గం, హెల్సింకి నుంచి హామెన్‌లిన్నాకు, 1862లో ఆ ఊరి మీదుగానే వెళ్ళింది. 1874లో, పదహారు నిండిన పిల్ల, బెర్గ్‌బూమ్ దగ్గర చేరింది. మూడేళ్ళకి ఒక హంగేరీ నాటకంలో బోరిష్కా పాత్రతో పేరొచ్చింది. తర్వాత చదువు కోసం జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళి మారీ సేబాఖ్ దగ్గర శిక్షణ తీసుకుంది. ఈ భాగం ఇంతకంటే సాగదియ్యకు. పుట్టుక, చదువు, పెళ్ళి అని వరసగా రాసుకుంటూ పోతే పాఠకుడు మూడో పేరాకే లేచిపోతాడు.

నువ్వు ఆగాల్సింది 1880 దగ్గర. నార్వే నాటకకర్త ఇబ్సెన్ ‘డాల్స్ హౌస్’ కోపెన్‌హాగన్‌లో తొలిసారి ఆడింది 1879 డిసెంబరు 21న. నోరా అనే ఇల్లాలు చివర్లో భర్తనీ పిల్లల్నీ వదిలి వెళ్ళిపోయే నాటకం అది. రెండు నెలలు దాటగానే హెల్సింకిలో, ఫిన్నిష్‌లో ఆడారు. నోరా పాత్ర ఇరవై రెండేళ్ళ ఈదాది. పదేళ్ళ కిందట నటి దొరకని భాష, యూరప్ అంతా వాదించుకుంటున్న నాటకాన్ని అప్పటికప్పుడు ఎత్తుకుంది. జర్మనీలో హెడ్విగ్ నీమన్-రాబె అనే పేరున్న నటి ‘నా పిల్లల్ని నేనైతే వదిలి వెళ్ళను’ అని పట్టుబట్టడంతో ఇబ్సెన్ అయిష్టంగానే ఇంకో ముగింపు రాసిచ్చాడు. ఆ పాత్ర బరువు ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంకో ముచ్చట, ఈ హెడ్విగ్ భర్త మాజీ భార్యే డ్రెస్డెన్‌లో ఈదాకి పాఠం చెప్పిన గురువు. ఇలాంటివి దొరికితే రాయి, కానీ ఒక్క వాక్యంలో ముగించు.

నీ వ్యాసంలో అసలు లేనిది మిన్నా కాంత్. నాకు అదే పెద్ద లోటు అనిపించింది. కువోపియో ఊళ్ళో బట్టల కొట్టు నడుపుకుంటూ ఏడుగురు పిల్లల్ని పెంచిన వితంతువు ఆవిడ, నాటకకర్త. 1885 జనవరిలో ఆమె ‘పనివాడి భార్య’ నాటకాన్ని ఫిన్నిష్ థియేటర్ ప్రదర్శించింది. యోహన్నా కష్టపడి కూడబెట్టుకున్న డబ్బును మొగుడు రిస్తో తాగేస్తాడు. చట్టం ప్రకారం భార్య డబ్బు మీద పెత్తనం మొగుడిదే. యోహన్నా చచ్చిపోతుంది. రిస్తో చేతిలో మోసపోయిన రోమా (జిప్సీ) జాతి పిల్ల హోమ్సన్‌తూ చివర్లో అతని మీద తుపాకీ పేలుస్తుంది. గురి తప్పుతుంది. ఆమెను పట్టుకుంటారు. అప్పుడు అరుస్తుంది: మీ చట్టం, మీ న్యాయం, నేను కాల్చాల్సింది వాటినే అని. ఆ హోమ్సన్‌తూ ఈదా ఆల్బెర్గ్. నాలుగేళ్ళకి, 1889లో, పెళ్ళయిన ఆడవాళ్ళ ఆస్తి హక్కుల చట్టం మారింది. నాటకం వల్లే మారిందని రాయకు. ఆ వాదన అప్పటికే దేశంలో నడుస్తోంది. రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టు, పాఠకుడు చూసుకుంటాడు.

ఈ ఒక్క సీను మీద రెండు పేజీలు రాయి. కువోపియోలో కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి ఇంత మంట పుట్టే పాత్ర రాయగలిగిందంటే, దాన్ని మోయగల నటి హెల్సింకిలో సిద్ధంగా ఉండటం చిన్న విషయం కాదు. నటి ఘనత నువ్వు పట్టుకోవాల్సిన చోటు అదే. నువ్వు చూడని కన్నీళ్ళు ఆమె కళ్ళల్లో పెట్టకు, ఆమె అనని మాట ఆమె నోట పలికించకు. ఊహ కావాలంటే కథ రాయి. పాఠకుడు జీవితచరిత్ర అని నమ్మి చదువుతున్నప్పుడు కల్పన కలపడం ఆమెకూ, అతనికీ అన్యాయం.

పెళ్ళిళ్ళ గురించి నాలుగు పేరాలు రాశావు. మొదటి భర్త లౌరి కివెకాస్ ఫిన్నిష్ భాషోద్యమంలో గట్టిగా నిలబడ్డ లాయరు, 1893లో పోయాడు. మరుసటేడు బారన్ ఉక్స్‌క్యుల్‌ను చేసుకుని పీటర్స్‌బర్గ్ వెళ్ళింది. రెండు వాక్యాలు చాలు. అంత్యక్రియల వర్ణన కూడా తగ్గించు. వ్యాసాన్ని 1902 దగ్గర ఆపితే బాగుంటుందని నా అభిప్రాయం. హోటల్ హాల్లో మొదలైన ఆ సమాజం హెల్సింకి రైల్వేస్టేషన్ పక్కన గ్రానైటు రాయితో కట్టిన సొంత భవనంలోకి, నేషనల్ థియేటర్ అనే పేరుతో, ఆ ఏడే అడుగుపెట్టింది.

టెన్షన్ పడకు, తొందరేమీ లేదు. ముందు హోమ్సన్‌తూ సీను ఒక్కటీ రాసి పంపు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పేర్ల ఉచ్చారణ ఎవరైనా ఫిన్లాండ్ వాళ్ళని అడిగి సరిచూసుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు