గోడౌన్‌కు ఫైబర్ సరే, గల్లాపెట్టెలో ఎంత ఉంది?

ప్రశ్న: ఖమ్మంలో మాకు టైల్స్, శానిటరీ షోరూం ఉంది. గోడౌన్ అదే స్థలంలో 220 మీటర్ల వెనక. రెండింటి మధ్య కంప్యూటర్లను కలపడానికి లాగిన లాన్ వైరు తరచూ మొరాయిస్తోంది. పిడుగు పడితే నెట్‌వర్క్ స్విచ్‌లు కాలిపోతున్నాయి. 24 కోర్ల (ఫైబర్ పోగుల) కేబుల్, 10 గిగాబిట్ స్విచ్‌లతో షోరూం లోపలితో సహా అంతా ఫైబర్ వేయడానికి 4.80 లక్షలు అడుగుతున్నారు. మా ఆవిడ బంగారం మీద 3 లక్షలు, మిగతాది క్రెడిట్ కార్డు గీకి 2 శాతం కమీషన్‌కు నగదు తెచ్చి, రెండు కార్డుల మధ్య తిప్పుదామని ఆలోచన. ఖాతాలో 90 వేలున్నాయి. నెలకు ఇంటికి 40 వేలు, షోరూం అద్దె, జీతాలు, కరెంటుకు 1.10 లక్షలు అవుతాయి. ఆరోగ్య బీమా లేదు. చీటీ పాడటం మేలా, ముద్రా రుణమా?

జవాబు: మీలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. ఒకరికి సోలార్, ఒకరికి జనరేటర్, మీకు ఫైబర్. వస్తువు అవసరమైనదే కాబట్టి దానికోసం చేసే అప్పు కూడా మంచిదేనని అందరూ అనుకుంటారు.

ముందు ఈ లెక్క చూడండి. ఇల్లు, షాపు కలిపి నెలకు లక్షన్నర ఖర్చు. మీ 90 వేలు 18 రోజులకు వస్తాయి. రేపు మీకే జ్వరమొచ్చి పది రోజులు షట్టర్ దించితే? మీ ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే? అప్పుడు తాకట్టు పెట్టడానికి బంగారం కూడా ఉండదు, ఫైబర్ కింద పోయి ఉంటుంది. మూడు నెలల ఖర్చు, అంటే 4.50 లక్షలు, విడిగా ఉండాలి. కేబుల్ మీద పెడతానన్న మొత్తం కూడా ఇంచుమించు అంతే!

కార్డు గీకి నగదు తెచ్చుకోవడం కార్డు నిబంధనలకే విరుద్ధం. ప్రతి గీకుడికీ 1.80 లక్షల మీద 3,600 కమీషన్ పోతుంది. ఒక్క నెల తిప్పడం కుదరక బాకీ నిలబడితే, నెలకు మూడున్నర శాతం చొప్పున 6,300 వడ్డీ, దానిపై జీఎస్టీతో కలిపి 7,400 దాటుతుంది. దీన్ని ‘తిప్పడం’ అనకండి, ఇది అప్పుతో అప్పు తీర్చడం.

చీటీ పాటలో తోసేది, అంటే ముందుగా డబ్బు తీసుకోవడానికి వదులుకునేది, ఎంతో చూసుకోండి. ముద్రా రుణం కార్డు కంటే ఎంతో నయం. కానీ మీకు ఈ రెండూ ఇప్పుడు అక్కర్లేదు.

రాగి లాన్ వైరు 100 మీటర్లకు మించి పనికిరాదు. మీవాళ్ళు నడుమ స్విచ్ పెట్టి సాగదీసి ఉంటారు. ప్రస్తుతానికి ఆ వైరు పీకేసి, రెండు భవనాల పైన ఎదురెదురుగా వైర్‌లెస్ లింకు పెట్టించండి, మధ్యలో చెట్టో గోడో అడ్డం లేకుండా. కొన్ని వేలతో అయిపోతుంది. బిల్లింగుకు, కెమెరాలకు అది చాలు. భవనాల మధ్య రాగి తీగ ఉండదు కాబట్టి దాని గుండా వచ్చే పిడుగు దెబ్బ కూడా తప్పుతుంది.

ఈ నెలే కుటుంబానికి ఆరోగ్య బీమా తీసుకోండి. ప్రీమియం మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు, ఆ సాకు కూడా పోయింది. తర్వాత నెలనెలా వేరే ఖాతాలోకి అత్యవసర నిధి. స్టాకు కోసం కూడా దాన్ని ముట్టుకోవద్దు.

నిధి నిండాక మిగులుతో ఫైబర్ వేయించండి, అదీ భవనాల మధ్య మాత్రమే. షోరూం లోపల క్యాట్ 6 రాగి వైరే మేలు. ఫైబర్ గుండా కరెంటు వెళ్ళదు, కెమెరాలకు మళ్ళీ విడిగా పవర్ లాగాలి. 24 కోర్లు, 10 గిగాబిట్ స్విచ్‌లు మీకెందుకు? 6 కోర్ల సింగిల్ మోడ్ రకం కేబుల్, దాన్ని స్విచ్‌కు కలిపే ఒక గిగాబిట్ మాడ్యూళ్ళు సరిపోతాయి. కేబుల్ ఖరీదు తక్కువే, తవ్వకం, పైపు ఖర్చే ఎక్కువ. అందుకని మీటరు లెక్కన విడివిడిగా రేట్లు రాసివ్వమనండి. ఎలుకల భయంతో ఇనుప కవచం ఉన్నది వేస్తే ఆ కవచానికి ఎర్తింగ్ చేయించండి, లేదంటే పిడుగు గొడవ మళ్ళీ మొదలు. స్ప్లైసింగ్ (ఫైబర్ కొనలు అతికించడం) అయ్యాక లాస్, అంటే దారిలో తగ్గిపోయే కాంతి, ఎంతో పవర్ మీటర్‌తో మీ ముందు చూపించాకే చివరి వాయిదా చెల్లించండి.