పేలుడు ప్రమాదం ఉన్న ప్లాంట్‌లో ఉద్యోగం, అబ్బాయిని పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేశాడు. ఒక కెమికల్ ప్లాంట్‌లో ట్రాన్స్‌మిటర్లు (ప్రెజర్, వేడి లాంటివి కొలిచి రీడింగ్ పంపే పరికరాలు), వాల్వులు బిగించే పని వచ్చింది. అది పేలుడు ప్రమాదం ఉన్న క్లాసిఫైడ్ ఏరియా అంటున్నారు. పంపాలంటే టెన్షన్‌గా ఉంది. ఇందులో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: అమ్మా, క్లాసిఫైడ్ ఏరియా అంటే ఎప్పుడూ గ్యాస్ నిండి ఉండే చోటు అనుకోకండి. గ్యాస్ ఎంత తరచుగా ఉండొచ్చో ముందే అంచనా వేసి విడదీసిన చోటు అది. ట్యాంకు లోపల లాగా ఎక్కువసేపు ఉండేది జోన్ 0, ప్లాంట్ మామూలుగా నడిచేటప్పుడు అప్పుడప్పుడు వచ్చేది జోన్ 1, మామూలుగా రాదు, వచ్చినా కాసేపే ఉంటుంది అనుకునేది జోన్ 2. కొత్త ప్లాంట్ అయితే బిగించే పని చాలావరకు లైన్లలోకి గ్యాస్ రాకముందే అయిపోతుంది. నడుస్తున్న ప్లాంట్ అయితే గ్యాస్ టెస్ట్ చేసి, వర్క్ పర్మిట్ ఇచ్చాకే టూల్ పట్టుకోవాలి.

నేను అడిగేది వేరే. ఇంట్లో ఏదైనా విప్పి మళ్ళీ బిగించాక ఒక స్క్రూ మిగిలిపోతే మీవాడు ఏం చేస్తాడు? పక్కన పడేస్తాడా, మళ్ళీ మొత్తం విప్పి చూస్తాడా?

ఎందుకంటే ఇలాంటి చోట కరెంటు పరికరాలని ఉంచే ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్స్‌లోకి గ్యాస్ వెళ్ళదని కాదు, వెళ్తుంది. లోపల పేలినా, ఆ మంట మూతకీ బాక్సుకీ మధ్య ఉన్న సన్నటి సందులోంచి బయటికి వచ్చేలోపు చల్లబడి బయటి గ్యాస్‌ని అంటించలేకపోతుంది, అంతే దాని రహస్యం. ఒక బోల్టు తక్కువైనా, ఆ అంచు మీద లోతుగా గీత పడినా, వాడని కేబుల్ రంధ్రానికి ఏదో ప్లాస్టిక్ బిరడా పెట్టి వదిలేసినా దాన్ని ఇక నమ్మలేం. కానీ రీడింగ్ చక్కగా వస్తూనే ఉంటుంది, తప్పు ఎవరికీ కనపడదు. అందుకే ఈ పనికి చేతి నైపుణ్యం కంటే ముందు మనస్తత్వం చూడాలంటాను.

ఇంట్రిన్సిక్ సేఫ్టీ పద్ధతిలో లెక్క కూడా రావాలి. స్పార్క్ వచ్చినా గ్యాస్ అంటుకోనంత తక్కువ శక్తినే బ్యారియర్ అనే పరికరం ద్వారా కేబుల్లోకి వదులుతారు, కేబుల్ పొడవు పెరిగితే అందులో నిల్వ ఉండే శక్తి కూడా పెరుగుతుంది కాబట్టి దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 1913లో వేల్స్‌లోని సెంగెనిడ్ బొగ్గుగనిలో 439 మంది కార్మికులు చనిపోయినప్పుడు సిగ్నల్ గంటల తీగల నుంచి వచ్చిన స్పార్కే కారణమని అనుమానించారు. అలాంటి అనుమానాల మీద జరిగిన పరిశోధనలే ఈ పద్ధతికి దారి వేశాయి.

భవిష్యత్తు తప్పకుండా ఉంది. ఆయిల్, గ్యాస్, మందులు, పెయింట్లు, ఇప్పుడు హైడ్రోజన్, అన్నిచోట్లా ఈ పని తెలిసినవాళ్ళు కావాలి. పేలుడు ప్రమాదం ఉన్న చోట్ల పనిచేసేవాళ్ళకి ఇచ్చే కాంపెక్స్ లాంటి సర్టిఫికెట్ బాగా ఉపయోగపడుతుంది, కానీ ఇప్పుడే అప్పు చేసి కట్టకండి. అందులో చేత్తో పని చేయించి పరీక్షిస్తారు, రెండేళ్ళు సైట్‌లో చేశాక వెళ్తే బుర్రకెక్కుతుంది.

చేరేముందు ఒకటి చేయమనండి. బాక్స్ మీద రాసిన గ్యాస్ గ్రూపు (ఏ రకం గ్యాస్ ఉన్నచోట దాన్ని వాడొచ్చో చెప్పే గుర్తు) డ్రాయింగ్‌తో కలవలేదని పని ఆపేస్తే సూపర్‌వైజర్ ఏమంటాడో అక్కడ పనిచేసేవాళ్ళని అడగమనండి. తిడతాడు అని చెబితే ఆ ఉద్యోగం వద్దు, ఇంకోటి చూసుకోమనండి.