వెనక చక్రం పట్టేస్తే: పాత కారున్న మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వెనక ఎడమ చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతోందన్నావు, రిమ్ము మీద నల్ల పొడి ఆ ఒక్క వైపే పేరుకుంటోందన్నావు, వాలులో న్యూట్రల్ చేసినా బండి కదలట్లేదన్నావు. చక్రంతో పాటు తిరిగే డిస్కుని ప్యాడ్లనే రాపిడి బిళ్ళలతో నొక్కి ఆపే భాగం, కాలిపర్, పట్టేసిందనే అనుకోవాలి. కానీ అక్కడ పట్టెయ్యగల చోట్లు ఒకటి కాదు, అయిదున్నాయి. ఏది పట్టేసిందో తేల్చుకోకుండా సామాను కొనకు. షెడ్డుకి తీసుకెళ్తే మొదట ప్యాడ్లు మార్చేస్తారు, నాలుగు రోజులకి కొత్త ప్యాడ్లూ అలాగే అరిగిపోతాయి.

బండి మొదటి తరం స్కోడా ఆక్టేవియా, ఉండేది విశాఖ చినవాల్తేరులో. సముద్రపు ఉప్పుగాలి, సెల్లారులో తేమ, వారాల తరబడి లాగి ఉంచిన హ్యాండ్ బ్రేక్, ఈ మూడూ కలిస్తే పోత ఇనుము తుప్పు పట్టకుండా ఉండదు. ముందు బ్రేకులు ఎక్కువ పని చేస్తాయి, వేడికి తడి ఆరిపోతుంది. వెనకవి తక్కువ పని చేస్తాయి, అందుకే వాటిలో చేరిన తడి అలాగే ఉండిపోతుంది. మన ఊళ్ళో వెనక కాలిపర్లు ముందు వాటికంటే తొందరగా పట్టేసేది ఇందుకే.

దీన్ని వాయిదా వెయ్యకు. బ్రేక్ ఆయిల్ గాలిలోంచి నీటిని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. పట్టేసిన చక్రంతో అనంతగిరి ఘాట్ దిగితే కాలిపర్‌లో ఆయిల్ మరిగి, ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ నేలకి అంటిపోతుంది. బాగయ్యేదాకా అరకు వైపు పోవద్దు, సింహాచలం కొండ కూడా ఎక్కొద్దు.

పని మొదలుపెట్టే ముందు బండిని చదునైన సిమెంటు నేల మీద పెట్టు. ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించు. జాకీ ఎత్తడానికి మాత్రమే, బండి నిలబడాల్సింది స్టాండు మీద. ఇటుకల్ని నమ్మకు, అవి చెప్పకుండా పగులుతాయి.

చక్రం విప్పి, అది బిగించే హబ్బుని చేత్తో తిప్పు. బిగిసి ఉంటే కాలిపర్ వెనకున్న హ్యాండ్ బ్రేక్ లీవరు నుంచి కేబుల్ ఊడదియ్యి. అప్పుడు వదులైతే తప్పు కేబుల్‌ది. తొడుగు ఎక్కడో పగిలి, నీళ్ళు దిగి, లోపలి తీగ తుప్పు పట్టి ఉంటుంది. నూనె పొయ్యడం దానికి మందు కాదు, రెండు వైపులా కేబుళ్ళు మార్చెయ్యి. కేబుల్ తీసినా బిగిసే ఉంటే లీవరు వెనక్కి వచ్చి ఆగాల్సిన స్టాపుకి ఆనుకుందా లేదా చూడు. ఆనకపోతే లీవరు ఇరుసు పట్టేసింది. ఆనుకునే ఉంటే కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్‌కి సన్నని పారదర్శక ట్యూబు తగిలించి, కొస సీసాలో పెట్టి, అర చుట్టు విప్పు. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వట్లేదని అర్థం. ఈ పరీక్ష చెయ్యని చోట హోస్ తప్పుకి కాలిపర్ మార్చేస్తారు. అప్పటికీ కదలకపోతే మిగిలినవి ప్యాడ్‌ని తోసే పిస్టన్, లేదా కాలిపర్ జారే పిన్నులూ ప్యాడ్లూ కూర్చునే బ్రాకెట్టు.

ప్యాడ్ల అరుగుదల కూడా చాలా చెబుతుంది. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది అలాగే ఉంటే మొదట పిన్నుల్ని అనుమానించు. ఒకే ప్యాడ్ ఏటవాలుగా అరిగితే ఒక పిన్ను పట్టేసింది. రెండూ సమానంగా, కుడి చక్రం కంటే ఎక్కువగా అరిగితే పిస్టనో, లీవరో, కేబులో వెనక్కి రావట్లేదు.

ఇప్పుడు కాలిపర్ తియ్యి. గైడ్ పిన్ను బోల్టులకి 13 స్పానర్ పడుతుంది, పిన్ను తిరక్కుండా పల్చటి 15 స్పానర్‌తో పట్టుకోవాలి. కాలిపర్‌ని హోస్ మీద వేలాడనివ్వకు, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టు. బ్రేకు పొడిని నోటితో ఊదొద్దు, గాలి పైపూ కొట్టొద్దు. తడిగుడ్డతో తుడువు.

మన తీరంలో అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బ్రాకెట్టే. ప్యాడ్ చెవులు కూర్చునే గాడిలో స్టీలు క్లిప్పులుంటాయి. వాటి కింద తుప్పు పొరలు పొరలుగా పెరిగి క్లిప్పుని పైకి లేపుతుంది, ప్యాడ్ గాడిలో ఇరుక్కుపోతుంది. క్లిప్పులు పీకి, కింద మెరిసే ఇనుము కనబడేదాకా వైర్ బ్రష్షుతో, చదును ఆకురాయితో గీకు. ఇనుముని తినెయ్యకు, తుప్పు ఒక్కటే పోవాలి. కొత్త క్లిప్పులు వేసి ప్యాడ్ పెడితే వేలితో తోస్తే జారాలి. సుత్తితో కొడితేగానీ కూర్చోట్లేదంటే శుభ్రం సరిపోలేదన్నమాట. కొందరు ప్యాడ్ చెవుల్నే అరగదీసి సర్దేస్తారు. తుప్పు అక్కడే ఉంటుంది గనుక కొన్నాళ్ళకే మళ్ళీ ఇరుకుతుంది. బ్రాకెట్టు విప్పాల్సి వస్తే దాని బోల్టులు 8 అలెన్ కీవి. గుంట నిండా మట్టి ఉంటుంది, మేకుతో శుభ్రం చేసి, కీని లోపలికంటా దిగ్గొట్టాకే తిప్పు. లేకపోతే గుంట అరిగి రోజంతా దానితోనే పోతుంది.

పిన్నుల్ని బయటికి లాగి పాత గ్రీజంతా తుడిచెయ్యి, రంధ్రం లోపల కూడా. పిన్ను మీద తుప్పు గుంటలుంటే దాన్ని మార్చు. వెయ్యాల్సింది బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు, అదీ పల్చగా. ఎక్కువ పెడితే లోపల గాలి చిక్కుకుని పిన్ను వెనక్కి తన్నుతుంది. బేరింగులకి వాడే పసుపు గ్రీజు వద్దే వద్దు. పెట్రోలియం నూనె తగిలితే పిన్ను మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, ఉబ్బి పిన్నుని ఇంకా గట్టిగా పట్టేస్తుంది. రబ్బర్లని పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడగడమూ అంతే తప్పు. శుభ్రమైన కొత్త బ్రేక్ ఆయిల్ వాడు. చిరిగిన బూట్లు తప్పక మార్చు.

పిస్టన్ దగ్గర మాత్రం బలం చూపించకు. హ్యాండ్ బ్రేక్ ఈ పిస్టన్ లోపలి మరతోనే పని చేస్తుంది, ప్యాడ్ అరిగిన కొద్దీ దాన్ని ముందుకి సర్దేది కూడా ఆ మరే. ముందు చక్రాలకి చేసినట్టు సి-క్లాంప్‌తో నొక్కితే ఆ మర చితికిపోతుంది. తిప్పుతూ తొయ్యాలి. నీ బండికి రెండు వైపులా కుడి చేతి వైపే, గడియారం ముల్లు తిరిగినట్టు. దీనికి పిస్టన్ తిప్పే కిట్టు దొరుకుతుంది, లేదా గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకో. పిస్టన్ లోపలికి పోతుంటే బానెట్ కిందున్న బ్రేక్ ఆయిల్ రిజర్వాయర్‌లో ఆయిల్ పైకొస్తుంది, ముందే కొంచెం సిరంజితో తీసెయ్యి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళు పొయ్యి.

తిప్పడానికి మొండికేస్తే రిపేర్ కిట్టు వెయ్యాలి. ఎడమ వైపుకి తిప్పుతూ మర వదిలేదాకా బయటికి తెచ్చి, చెక్కముక్క అడ్డం పెట్టి, ఎవరిచేతనైనా పెడల్ మెల్లగా తొక్కిస్తే పిస్టన్ వచ్చేస్తుంది. వేళ్ళు దాని ముందు పెట్టకు. సీలు తగిలే చోట గోరుకి తగిలే గుంటలుంటే ఆ పిస్టన్ పారెయ్యి, ఎమరీ కాగితంతో రుద్ది సరిపెట్టుకోకు. పై పూత పోయాక తుప్పు ఇంకా వేగంగా వస్తుంది. సీలు గాడిలోని తుప్పుని చెక్కపుల్లతో తీసి, కొత్త సీలుకి కొత్త బ్రేక్ ఆయిల్ రాసి ఎక్కించు.

లీవరు ఇరుసే పట్టేసిందనుకో, నూనె కొట్టి ఆడిస్తే ఆ పూటకి కదులుతుంది. కానీ దాని సీలు పోయింది గనుకే నీళ్ళు దిగాయి, మొదటి వానకే మళ్ళీ పట్టేస్తుంది. అప్పుడు మొత్తం కాలిపర్ మార్చడమే నా మాట. తుక్కు బండి నుంచి తీసినది వేస్తే అదీ ఏదో ఊరి తుప్పుతోనే వస్తుంది, సీళ్ళు మార్చనిదే బిగించకు. కొన్నాక ఎడమ, కుడి సరిచూసుకో. బిగించాక నిపుల్ పైన ఉండాలి. కిందకొస్తే వైపు తప్పింది, గాలి ఎప్పటికీ బయటికి పోదు. హోస్‌కి బ్యాంజో బోల్టు (మధ్యలోంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) ఉంటే రెండు రాగి వాషర్లూ కొత్తవి వెయ్యి.

డిస్కు మందం కూడా అప్పుడే కొలువు. కొత్తది 9 మి.మీ., 7కి వస్తే రెండు వైపులా మార్చాలి. అరగని అంచుని కాదు, ప్యాడ్ తగిలే చోటే కొలవాలి. ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకీ కలిపే. కాలిన డిస్కు నీలం రంగు తేలి, మీద సన్నటి పగుళ్ళు కనిపిస్తే మందం ఉన్నా ఉంచకు.

బిగించేటప్పుడు గైడ్ పిన్ను బోల్టులు కొత్తవే వాడు, 35 న్యూటన్ మీటర్లు. బ్రాకెట్టు బోల్టులు 65. చక్రం బోల్టులు బండి నేల మీదికి దించాక 120. ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకి తెచ్చుకో, చేతి లెక్క బ్రేకులకి పనికిరాదు.

ఆయిల్ లైను విప్పితే బ్లీడింగ్, అంటే లైన్లోంచి గాలి తీసెయ్యడం, తప్పదు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, నువ్వు నిపుల్ విప్పి, బుడగలు వచ్చాక మూసి, అప్పుడు వదలమనాలి. రిజర్వాయర్ ఖాళీ కాకుండా చూస్తూ పొయ్యి. సీలు తీయని సీసాలోని డాట్ 4 మాత్రమే. నిరుడు తెరిచి అటకెక్కించిన సీసా వద్దు. ఆయిల్ రెండేళ్ళు దాటి ఉంటే నాలుగు చక్రాలకీ మార్చెయ్యి: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ, ఈ వరసలో.

అంతా అయ్యాక హ్యాండ్ బ్రేక్ వెంటనే లాగకు. పెడల్ గట్టిపడేదాకా చాలాసార్లు తొక్కు, పిస్టన్ తన చోటు తాను సర్దుకుంటుంది. ఆ తర్వాతే కేబుల్ తగిలించి సర్దు. హ్యాండ్ బ్రేక్ దించినప్పుడు రెండు లీవర్లూ స్టాపుల దగ్గరికి వచ్చెయ్యాలి. కారు లోపలి హ్యాండ్ బ్రేక్ పిడి బిగువు కోసం కేబుల్ అతిగా లాగితే లీవరు సగంలో ఆగిపోతుంది, చక్రం మళ్ళీ కాలుతుంది.

ఖాళీగా ఉన్న రోడ్డు మీద యాభై వేగం నుంచి పదికి, మధ్యస్థంగా నొక్కుతూ ఎనిమిది పదిసార్లు తగ్గించు, మధ్యలో చల్లారనివ్వు. ఆ తర్వాత బ్రేకు తక్కువ వాడుతూ పది కిలోమీటర్లు నడిపి, రెండు వెనక చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడు, డిస్కుని ముట్టుకోకుండా. వేడి ఇంచుమించు ఒకటిగా ఉండాలి. మర్నాడు పొద్దున్న నిపుల్ దగ్గరా, హోస్ కలిసే చోటా చెమ్మ ఉందేమో చూసి, ఆయిల్ మట్టం సరిచూసుకో.

సెల్లారులో చదునుగా ఆపినప్పుడు గేరులో ఉంచి, చక్రానికి దిమ్మ పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించెయ్యి. వాలులో మాత్రం హ్యాండ్ బ్రేక్ తప్పదు, గేరు కూడా వెయ్యి. బీచ్ రోడ్డులో అలల తుంపర తగిలిన రోజునా, నీళ్ళలోంచి వచ్చిన రోజునా మంచినీళ్ళతో చక్రాల లోపలి వైపు కడిగి, ఆపే ముందు కాసేపు బ్రేకు నొక్కుతూ నడిపి ఆరబెట్టు. వానలకి ముందోసారి, తుపాన్ల కాలం అయ్యాక ఓసారి పిన్నులు లాగి చూసి గ్రీజు వెయ్యి. కుడి వైపు ఇంకా పట్టలేదని వదిలెయ్యకు, దాని పిన్నులు కూడా ఈ ఆదివారమే తీసి చూడు.

ఇట్లు,
మీ మావయ్య