మీ ప్రశ్న – మా జవాబు: జిన్‌లో బత్తాయి రసం ఎందుకు చేదెక్కింది?

ప్రశ్న: మాకు బత్తాయి తోట ఉంది. పండుగకు వచ్చిన మిత్రుల కోసం పొద్దున్నే రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం జిన్‌లో కలిపాను. తాగితే ఒక పక్క చప్పగా, ఇంకో పక్క చేదుగా ఉంది. లోపం జిన్‌దా, మా కాయదా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ కాయను తప్పు పట్టనవసరం లేదు. చేదుకు కారణం మీరు పొద్దున తీసిన రసాన్ని సాయంత్రం దాకా ఉంచడం. బత్తాయి తొనల పొరల్లోనూ గింజల్లోనూ ఉండే ఒక పదార్థం, రసం తీసిన తర్వాత అందులోని పులుపు తగిలి, మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. జ్యూస్ బండి వాళ్లు గిరాకీ వచ్చి నిలబడ్డాకే కాయ కోయడం వెనుక ఈ అనుభవమే ఉంది. కాబట్టి గ్లాసులు సిద్ధమయ్యాకే రసం తీయండి, గింజలు నలిగేంత గట్టిగా పిండకండి.

చప్పదనం సంగతి వేరు. నిమ్మరసంలో పులుపు సుమారు 6 శాతం ఉంటుంది, బత్తాయిలో ఒక శాతం కూడా ఉండదు. జిన్ ఘాటుకు ఎదురు నిలవాలంటే పులుపు కావాలి గనుక బత్తాయికి నిమ్మ తోడు తప్పనిసరి. నకిరేకల్ నిమ్మ మార్కెట్ పక్కనే ఉన్న మీకు దానికీ లోటు లేదు. ఒక్కరికి 60 మిల్లీలీటర్ల జిన్, అంతే బత్తాయి రసం, 20 మిల్లీలీటర్ల నిమ్మరసం, 10 మిల్లీలీటర్ల చక్కెర నీళ్లు తీసుకోండి. చక్కెర, నీళ్లు సమంగా పోసి కరిగేదాకా వేడిచేస్తే చాలు, తీగపాకం అక్కరలేదు. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో ఇవన్నీ పోసి, అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసు ముక్కలను నిండా వేసి, డబ్బా పైన మంచు పట్టి చేతికి చురుక్కుమనేదాకా, అంటే పదిహేను సెకన్ల పాటు, బలంగా ఊపి టీ జాలితో వడగట్టండి. ఊపుతున్నప్పుడు కరిగే నీరు ఘాటును తగ్గించడానికి అవసరమే. అయితే ముందుగానే బయటపెట్టి చెమ్మగిల్లిన ఐసు వేస్తే ఆ నీరు మోతాదు మించుతుంది. చివరగా బత్తాయి తొక్కను గ్లాసు మీద వంచి పిండండి. చిన్నప్పుడు పక్కవాడి కళ్లలోకి కొట్టిన తుంపరే అది. వాసనంతా ఆ నూనెలోనే ఉంది.

ప్రశ్న: జిన్ అసలు ఎక్కడిది? టానిక్ నీళ్లతో (క్వినైన్ కలిపిన చేదు సోడా) తాగితే మలేరియా రాదని మా మిత్రుడు వాదిస్తున్నాడు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: జిన్‌కు మూలం డచ్చివారి జెనీవర్ అనే సారా. ఆ పేరు జిన్‌కు వాసననిచ్చే జూనిపర్ అనే చెట్టు కాయ నుంచి వచ్చింది, దాన్ని ఇంగ్లీషువారు కుదించి జిన్ అన్నారు. 1689లో హాలండ్ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్ రాజయ్యాక, ఫ్రెంచి బ్రాందీని అడ్డుకుని స్వదేశీ ధాన్యంతో సారా కాచడాన్ని ప్రోత్సహించారు. దాంతో లండన్ పేదవాడల్లో జిన్ ఏరులై పారింది. 1736లో చిల్లర అమ్మకానికి ఏడాదికి 50 పౌండ్ల లైసెన్సు పెట్టినా జనం దొంగచాటుగా అమ్మారు. 1751 నాటి చట్టం తర్వాతగాని ఉధృతి తగ్గలేదు. అప్పటి జిన్‌లో ముతక సారా వాసనను తీపితో కప్పేవారు. 1830లో ఏనియస్ కాఫీ అనే వ్యక్తి పేటెంటు పొందిన, సారా కాచే నిలువు బట్టీ వచ్చాక శుద్ధమైన సారా దొరికి, తీపి లేని లండన్ డ్రై జిన్‌కు దారి పడింది.

ఇక మీ మిత్రుడి వాదన. మన భాషలో మందు అన్న మాట రెండింటికీ చెల్లుతుంది గాని, టానిక్ నీళ్లు మలేరియాకు మందు కావు. మలేరియా దేశాల్లో ఆ జ్వరానికి మందుగా వాడే క్వినైన్ చేదును మింగుడుపడేలా చేసే ప్రయత్నాల నుంచే ఈ పానీయం పుట్టిన మాట నిజం. 1858లో లండన్‌లో ఎరాస్మస్ బాండ్ దీనికి పేటెంటు పొందాడు. అయితే నేటి టానిక్‌లో క్వినైన్ రుచికి మాత్రమే ఉంటుంది. అమెరికా నిబంధన ప్రకారం లీటరుకు 83 మిల్లీగ్రాములు దాటకూడదు, చికిత్సలోనైతే పెద్దవారికి రోజుకు ఒక గ్రాముకు పైగానే ఇస్తారు. ఆ లెక్కన పన్నెండు లీటర్లు తాగినా చాలదు. దోమే మలేరియాకు వాహకమని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు గనుక, మీ మిత్రుడికి దోమతెర కొనిపెట్టండి. గర్భిణులూ, క్వినైన్ పడనివారూ టానిక్ జోలికి పోరాదు.

ప్రశ్న: ఇంట్లోనే జిన్ తయారు చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: బట్టీ పెట్టి కాయడం నేరం, ప్రమాదం కూడా, గుడుంబా మిగిల్చిన గోడు మన పల్లెలకు చెప్పనక్కరలేదు. అయితే దుకాణంలో కొన్న వోడ్కాలో దినుసులు నానబెట్టి మీ మట్టుకు రుచి చూసుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల వోడ్కాకు రెండు చెంచాల ఎండిన జూనిపర్ కాయలు, ఒక చెంచా ధనియాలు, రెండు ఏలకులు సరిపోతాయి. జిన్‌లో జూనిపర్ తర్వాత పెద్దపీట ధనియాలదే. వాటిని కొద్దిగా చిదిమి వేస్తే నిమ్మను తలపించే వాసన వస్తుంది. ఒక రోజు నానాక పలుచని బట్టలో వడగట్టండి. రంగు లేత గడ్డిలా పచ్చబడుతుంది, అది చెడిపోయిన గుర్తు కాదు. రెండో రోజుకూ దినుసులను వదిలేస్తే మాత్రం జూనిపర్ ఘాటుకు మిగతావేవీ తెలియవు.