ఇండోర్ మైలు టైమింగ్‌ను ఎలా అంచనా వేయాలి?

ఇండోర్ మైలు టైమ్‌ను ఎంతవరకు నమ్మాలనేగా మీ ప్రశ్న, అర్థమైంది. మీ అభిమాన కుర్రాడు ఇండోర్ ట్రాక్ మీద, అంటే పైకప్పు కింద, మైలును 3:50లో (3 నిమిషాల 50 సెకన్లు) పరిగెత్తాడు. ఒకరు ‘ఇక పతకం ఖాయం’ అంటుంటే, ఇంకొకరు ‘అంతా ట్రాక్ మహిమే’ అంటున్నారు. ఇద్దరూ తొందరపడుతున్నారు.

ముందు లెక్క చూద్దాం. మైలు అంటే 1609 మీటర్లు, అంటే 200 మీటర్ల ట్రాక్ మీద ఎనిమిది ల్యాపులు, పైన తొమ్మిది మీటర్లు. పెద్ద పతకాల పోటీల్లో పరిగెత్తేది 1500 మీటర్లు కాబట్టి టైమ్‌ను దానికి మార్చాలి: 3:50ని 1.08తో భాగిస్తే 1500 మీటర్లకు సుమారు 3:33 వస్తుంది. బాగా మంచి టైమే.

కానీ ట్రాక్ పొడవు ఒకసారి చూడండి. అమెరికాలో 300 మీటర్లు దాటిన ఇండోర్ ట్రాకులు కూడా ఉన్నాయి. వాటి మీద మలుపులు తక్కువ కాబట్టి టైమ్ తగ్గుతుంది, ఇండోర్ రికార్డులకు మాత్రం పనికిరాదు. 200 మీటర్లదైతే ఆ వాదన అక్కడితో సరి.

తర్వాత ల్యాప్ టైములు తీయండి. 3:50 అంటే ల్యాపుకు దాదాపు 28.6 సెకన్లు. పేసర్ (మొదట్లో ముందు పరిగెత్తి వేగం నిర్దేశించి, మధ్యలో తప్పుకునే రన్నర్) తప్పుకున్నాక కూడా అదే వేగం నిలబెట్టాడా? నేనైతే మొత్తం టైమ్ కన్నా దీన్నే నమ్ముతాను.

పతకం సంగతి వేరే. 2025 ఫిబ్రవరిలో నార్వే రన్నర్ యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఫ్రాన్స్‌లోని లియేవాఁలో 3:45.14తో ఇండోర్ మైలు ప్రపంచ రికార్డు కొట్టాడు. అదే ఏడాది టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో, గాయం నుంచి అప్పుడే కోలుకుంటూ, 1500 మీటర్ల హీట్స్ (తొలి రౌండ్)లోనే వెనుదిరిగాడు. అక్కడ 1500లో స్వర్ణం గెలిచిన పోర్చుగల్ రన్నర్ ఇసాక్ నాదెర్ టైమ్ 3:34.10! పేసర్లు లేని ఫైనల్లో చివరి 200 మీటర్ల తెగువే తేలుస్తుంది. మీవాడి పాత ఫైనల్స్ వీడియోలుంటే ఆ భాగం చూడండి.